అన్నయ్య డీటీపీ షాపు పీసీకి లినక్స్ పెట్టొచ్చా? (అను ఫాంట్లు, పేజ్‌మేకర్ ఉన్నాయి)

చీరాల_చిన్నోడు | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే గానీ రాయడం ఇదే మొదలు. తప్పులుంటే సర్దుకోండి.

మా అన్నయ్యకి చీరాలలో జిరాక్స్, డీటీపీ షాపు ఉంది. పెళ్ళి కార్డులు, గృహప్రవేశాలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు చేస్తారు. టైపింగ్ అంతా వదిన, డిజైనూ బేరాలూ అన్నయ్య. పీసీ వివరాలు: ఐ3-3220, హెచ్61 బోర్డు, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 10. పొద్దున స్విచ్ వేసి, షాపు ఊడ్చి, పటానికి దండ వేసి, అగరుబత్తి వెలిగించి వచ్చి కూర్చుంటే అప్పుడు డెస్క్‌టాప్ కనబడుతుంది. అతిశయోక్తి కాదు, మొన్న పండక్కి వెళ్ళినప్పుడు పక్కనే నిలబడి చూశాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి అప్‌డేట్లు ఆగిపోయాయి. 11 ఎక్కదట. ఊళ్ళో రిపేరు అబ్బాయి "కొత్తది కొనండి సార్" అంటున్నాడు. అన్నయ్య నాకు ఫోన్ చేసి, "నువ్వు బెంగళూరులో అదే పని చేస్తావు కదరా, ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. నేను చేసేది టెస్టింగ్. ఇంట్లో వాళ్ళకి అన్నీ ఒకటే.

లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెడితే ఈ మెషీన్ ఇంకో నాలుగేళ్ళు లాగుతుందా? అక్కడ వాడేవి పేజ్‌మేకర్ 7 (పేజీలు కూర్చే పాత విండోస్ ప్రోగ్రాం), అను ఫాంట్లు (పాతకాలపు తెలుగు ఫాంట్లు), ఒక చిన్న లేజర్ ప్రింటర్.

---

ఎస్ఎస్‌డీ_సుబ్బు | శనివారం, రాత్రి 9:40

తమ్ముడూ, ముందు ఒక మాట. ఆ ప్రాసెసర్‌కి ఏ రోగమూ లేదు. 2012 నాటిదే కానీ కార్డులు కొట్టడానికి బోలెడు. రోగం హార్డ్‌డిస్క్‌ది. దాన్ని పీకేసి 256 జీబీ సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని వేగమైన డిస్క్) పెట్టండి.

హెచ్61లో డిస్క్ తగిలించే సాటా పోర్టులన్నీ 3 జీబీపీఎస్‌వే, 6 ఉండవు. కాబట్టి ఖరీదైన ఎస్ఎస్‌డీ దండగ. ఎంత మంచిది పెట్టినా సెకనుకి 270 ఎంబీ దగ్గర ఆగుతుంది. అయినా మీ పాత డిస్క్ వంద దాటితే గొప్ప, పైగా చిన్న చిన్న ఫైళ్ళ దగ్గర తేడా ఇంకా ఎక్కువ. అగరుబత్తి వెలిగించేలోపే డెస్క్‌టాప్ వచ్చేస్తుంది.

ర్యామ్ 8 చేయండి. ఆ బోర్డుకి రెండు స్లాట్లే, రెండోది ఖాళీగా ఉందో లేదో చూడండి. డీడీఆర్3 సెకండ్‌హ్యాండ్‌లోనే కొనండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్తే ఇంకా దొరుకుతున్నాయి, నేను పోయిన నెలే తెచ్చాను. కొత్త ర్యామ్ జోలికి ఇప్పుడు పోకండి. ఫ్యాక్టరీలన్నీ ఏఐ డేటాసెంటర్ల వెనక పడ్డాయి. 2025 డిసెంబర్ 3న ర్యామ్ తయారుచేసే మైక్రాన్ వాళ్ళు క్రూషల్ పేరుతో మామూలు జనానికి అమ్మడమే మానేస్తామని చెప్పేశారు. మనలాంటి వాళ్ళని పట్టించుకునే నాథుడు లేడు.

విండోస్ 11 ఎందుకు ఎక్కదంటే, దానికి ఇంటెల్ అయితే 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, దాంతోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కావాలి. మీది 3వ తరం.

---

డల్లాస్_దిబ్బరొట్టె | శనివారం, రాత్రి 10:05

రాస్ప్‌బెర్రీ పై 5 కొనండి, గొడవ వదిలిపోతుంది. అరచేతిలో పట్టే బోర్డు, కరెంటు బిల్లు కూడా కలిసొస్తుంది. నేను ఇంట్లో రెండేళ్ళుగా వాడుతున్నాను.

---

ఎస్ఎస్‌డీ_సుబ్బు | శనివారం, రాత్రి 10:11

మీరు దాంట్లో పాటలు వింటారు, వాళ్ళు దాంతో బతకాలి. ఆ రాస్ప్‌బెర్రీ పై నడిచేది ఆర్మ్ ప్రాసెసర్ (ఫోన్లలో వాడే రకం) మీద. పాత విండోస్ ప్రోగ్రాం ఏది నడపాలన్నా నరకమే. వాళ్ళ దగ్గర పేజ్‌మేకర్ ఉందని మొదటి పోస్టులోనే రాశారు కదా గురువుగారూ.

---

డల్లాస్_దిబ్బరొట్టె | శనివారం, రాత్రి 10:14

అది చూడలేదు. ఒప్పుకుంటున్నాను.

---

పెంగ్విన్_పెద్దాయన | ఆదివారం, ఉదయం 6:20

బాబూ, పాత మెషీన్లకి సరిపోయే తేలికపాటి లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టు. 22 వరస 2029 దాకా అప్‌డేట్లతో ఉంటుంది. పేజ్‌మేకర్ బదులు స్క్రైబస్, ఫొటోషాప్ బదులు గింప్, కోరెల్ బదులు ఇంక్‌స్కేప్. అన్నీ ఉచితం, అన్నీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ (కోడ్ ఎవరైనా చూసి మార్చుకోవచ్చు). గింప్ 3.0 కూడా 2025 మార్చిలో వచ్చేసింది. అను ఫాంట్లు తీసి అవతల పారేసి యూనికోడ్‌లో (అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే అక్షర పద్ధతి) టైపు చేసుకోమను. ఇన్నాళ్ళూ దొంగ సీడీల మీద బతికింది చాలు. ఒక్క పూట పని.

---

ముద్రారాక్షసం | ఆదివారం, ఉదయం 8:47

పెద్దాయన గారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆ "ఒక్క పూట" నాకు ఏడాదిన్నర పట్టింది. ఒక పాత మాసపత్రిక సంచికలు అనులోంచి యూనికోడ్‌లోకి మార్చే పని నెత్తిన వేసుకున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

చిన్నోడు గారూ, మీ సమస్య కంప్యూటర్ పాతబడటం కాదు. అది సుబ్బు గారు చెప్పినట్టు ఒక ఎస్ఎస్‌డీతో తీరిపోతుంది. అసలు చిక్కు మీ వదిన గారు ఇన్నేళ్ళూ టైపు చేసిన అక్షరాల్లో ఉంది. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు.

అను లాంటి ఫాంట్లు వచ్చిన రోజుల్లో ఒక ఫాంట్‌లో ఉండేవి 256 గదులు. అందులో కొన్ని ముందే వేరే పనులకి పోయాయి. మిగిలిన వాటిలో తెలుగు గుణింతాలూ ఒత్తులూ అన్నీ పట్టవు కదా. అందుకని అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒక గదిలో, గుడి ఒక గదిలో, కొమ్ము ఇంకో గదిలో, ఒక్కో ఒత్తు ఒక్కో గదిలో. ఇంగ్లీషు అక్షరాల ఇళ్ళల్లో తెలుగు ముక్కలు అద్దెకి దిగాయన్నమాట. మనం వాటిని పక్కపక్కన పేరిస్తే కంటికి తెలుగు కనబడుతుంది. ఫాంట్ తీసేస్తే అసలు ఇంటివాళ్ళు బయటికొస్తారు: డాలర్ గుర్తులు, పౌండ్లు, నెత్తిన చుక్కలు పెట్టుకున్న యూరప్ అక్షరాలు. ఆ రోజులకి అది గొప్ప తెలివి. దాని పుణ్యాన ఊరూరా తెలుగు అచ్చు పనులు నడిచాయి.

యూనికోడ్ దారి వేరు. అందులో మనం పలికే వరస ఉంటుంది. "స్త్రీ" తీసుకోండి. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి, మొత్తం ఆరు. వాటిని ఎలా పేర్చి చూపించాలన్నది ఫాంటూ, దాని వెనక నడిచే ఇంజనూ చూసుకుంటాయి. లినక్స్‌లో ఆ ఇంజన్ పేరు హార్ఫ్‌బజ్. పాత ఫాంట్లలో మాత్రం కంటికి కనిపించే వరస. క్రారవడి (ర ఒత్తు) అక్షరానికి ఎడమ నుంచి చుట్టుకొస్తుంది కాబట్టి అది ముందు పడుతుంది, తర్వాత మిగతావి. మార్చే ప్రోగ్రాం ఈ తిరకాసు సరిగ్గా చూసుకోకపోతే "స్త్రీ" కాస్తా "స్ర్తీ" అవుతుంది, "శ్రీ" కాస్తా "శీ్ర" అవుతుంది. మీరు నెట్‌లో వార్తలు చదివేటప్పుడు ఈ "స్ర్తీ"ని చూసే ఉంటారు. అది టైపు చేసినవాళ్ళ తప్పు కాదు, ఇదే కథ.

నాకు ఎక్కువ ఏడుపు తెప్పించింది "వు", "మ". రెండూ చూపుకి దగ్గర, ముక్కలు కూడా కలిసిపోతాయి. నేను వాడిన కన్వర్టర్ ఒక కథలో "ఆవు" అని ఉన్న ప్రతిచోటా "ఆమ" చేసింది. కథ మొత్తం ఆవు గురించే.

కాబట్టి పాత ఫైళ్ళన్నీ మార్చాలనుకోకండి. మళ్ళీ మళ్ళీ వాడే మూసలు మాత్రం మార్చుకోండి. పెళ్ళి కార్డుకి నాలుగు మూసలు, గృహప్రవేశానికి రెండు, అంతే కదా ఎక్కడైనా. మారే పేర్లూ ముహూర్తాలూ ఎలాగూ కొత్తగానే కొట్టాలి.

---

చీరాల_చిన్నోడు | ఆదివారం, ఉదయం 10:30

అక్కా (అక్కేనా?), ఇది చదివాక నాకు ఇప్పటిదాకా అర్థం కానిది ఒకటి అర్థమైంది. అన్నయ్య వాట్సాప్‌లో పంపే ఫైల్ నా ల్యాప్‌టాప్‌లో ఎప్పుడూ పురుగులు పాకినట్టు ఉండేది.

ఒక టెన్షన్ ఉంది. వదిన కీబోర్డు చూడకుండా కొడుతుంది, ఆపిల్ లేఅవుట్ (తెలుగు మీటల అమరికల్లో ఒకటి). ఇరవై ఏళ్ళ అలవాటు. కొత్త లేఅవుట్ నేర్చుకోమంటే నన్ను ఇంటికి రానివ్వదు.

---

ముద్రారాక్షసం | ఆదివారం, ఉదయం 11:02

అక్కే. ఆ బెంగ అక్కర్లేదు. లినక్స్‌లో ఐబస్ అని టైపింగ్ చూసుకునేది ఒకటి ఉంటుంది, దానికి ఎం17ఎన్ అనే ప్యాకేజీ కలపాలి. అందులో తెలుగుకి ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, సరళ ఇలా చాలా ఉన్నాయి, వాటిలో ఆపిల్ కూడా ఉంది. నా అనుభవంలో అను ఆపిల్‌కీ దీనికీ అక్కడక్కడా మీటలు తేడా వచ్చాయి. ముందు వదిన గారిని కూర్చోబెట్టి ఒక పేజీ కొట్టించండి, ఎక్కడ వేలు తడబడితే అక్కడ రాసుకోండి. మ్యాప్ ఉండేది మామూలు టెక్స్ట్ ఫైల్‌లోనే. ఆమె వేళ్ళకి తగ్గట్టు దాన్నే మార్చేయొచ్చు.

పెట్టాక లాగౌట్ అయి మళ్ళీ లాగిన్ అవ్వండి. ఈ ఒక్కటి మర్చిపోయి నేను ఒక మధ్యాహ్నం పోగొట్టుకున్నాను.

---

పెంగ్విన్_పెద్దాయన | ఆదివారం, మధ్యాహ్నం 12:15

అమ్మా, ఒక్క పూట అన్నది నా తొందరపాటు. కానీ స్క్రైబస్ విషయంలో గట్టిగానే చెప్తాను.

---

వరంగల్_వైరు | ఆదివారం, మధ్యాహ్నం 1:30

స్క్రైబస్‌లో తెలుగు సరిగ్గా రాదు కదా? నేను చాన్నాళ్ళ కింద చూసిన, ఒత్తులన్నీ విడివిడిగా పడ్డాయి. అప్పుడే తీసేసిన.

---

ముద్రారాక్షసం | ఆదివారం, మధ్యాహ్నం 1:52

మీరు చూసింది 1.4 అయ్యుంటుంది. దాంట్లో మన లిపులు వచ్చేవి కావు. హార్ఫ్‌బజ్ 1.5 వరసలో కలిసింది, 2024 జనవరిలో 1.6 స్థిరమైన విడుదలగా వచ్చింది. ఇప్పుడు తెలుగు శుభ్రంగా వస్తుంది. సీఎంవైకే (అచ్చు రంగుల) పీడీఎఫ్ కూడా ఇస్తుంది కాబట్టి ఆఫ్‌సెట్ ప్రెస్‌కి పంపొచ్చు. ఎందుకైనా మంచిది, ఇన్‌స్టాల్ చేశాక ఏ వెర్షనో ఒకసారి చూసుకోండి.

పేజ్‌మేకర్ ఫైళ్ళ సంగతి: లిబ్రెఆఫీస్ డ్రా 4.4 నుంచి, అంటే 2015 నుంచి, వాటిని తెరుస్తుంది. పేజీ సైజు, గీతలు, బోర్డర్లు ఓ మోస్తరుగా వస్తాయి. అక్షరాలు మాత్రం పైన చెప్పిన పురుగులే.

---

వరంగల్_వైరు | ఆదివారం, మధ్యాహ్నం 2:20

అయితే నా సలహా ఇది. పాత విండోస్‌ను చంపొద్దు, డబ్బాలో పెట్టాలె.

లినక్స్ లోపల వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల నడిచే ఉత్తుత్తి కంప్యూటర్) చేసి, అందులో విండోస్ 7 32-బిట్, దాని మీద పేజ్‌మేకర్, అను. నెట్‌వర్క్ కార్డే ఇవ్వకండి దానికి. నెట్ లేకుంటే వైరస్ ఎటునుంచి వస్తది? పాత ఫైల్ కావాలంటే దాంట్లో తెరవాలె, ప్రింట్ తీయాలె, మూయాలె. కొత్త పనులన్నీ బయట లినక్స్‌లో. 8 జీబీ ర్యామ్‌లో 2 దీనికిస్తే సరిపోతది. ఐ3-3220కి దీనికి కావలసిన వీటీ-ఎక్స్ ఉంది, బయోస్‌లో ఆన్ చేసుకోవాలె. హార్డ్‌వేర్ లాక్ (పెడితేనే నడిచే యూఎస్‌బీ తాళం) ఉన్న తెలుగు సాఫ్ట్‌వేర్ అయితే ఆ యూఎస్‌బీని లోపలికి పంపొచ్చు.

వర్చువల్ మెషీన్ నడిపేందుకు వర్చువల్‌బాక్స్ వద్దు, విర్ట్-మేనేజర్ వాడండి. లినక్స్ కెర్నల్ (దాని గుండెకాయ) 6.12 నుంచి, అందులోని కేవీఎం లోడ్ కాంగనే ప్రాసెసర్ వర్చువలైజేషన్‌ను తన చేతిలోకి తీసుకుంటది. అప్పుడు వర్చువల్‌బాక్స్ అలిగి, మెషీన్ మొదలు కానంటది. మింట్ 22.2లో ఉన్నది 6.14. దానికీ మందులు ఉన్నయి కానీ షాపులో ఎవరు వేస్తరు?

---

పెంగ్విన్_పెద్దాయన | ఆదివారం, మధ్యాహ్నం 3:05

మళ్ళీ విండోసేనా! ఇంటికి సున్నం వేసి పాత బూజు మూల దాచుకున్నట్టుంది.

---

వరంగల్_వైరు | ఆదివారం, మధ్యాహ్నం 3:09

పెద్దాయనా, రేపు ఒకాయన వచ్చి "పోయిన సంవత్సరం మా అమ్మాయి కార్డు చేసిండ్రు కదా, గదే డిజైన్‌ల మా అబ్బాయిది చేయండి" అంటే ఏం చెప్పాలె? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ గురించి చెప్పాలెనా?

---

మోడరేటర్ | ఆదివారం, మధ్యాహ్నం 3:30

ఇద్దరూ ఒకే షాపు బాగు కోరుతున్నారు. గొంతు కాస్త తగ్గించండి. లైసెన్సుల చర్చ వేరే దారంలోకి (థ్రెడ్‌లోకి) మార్చాను.

---

చీరాల_చిన్నోడు | శుక్రవారం, రాత్రి 11:20

ఊరికి వచ్చాను. ఎస్ఎస్‌డీ బిగించాను, పాత డిస్క్‌ని కవర్లో పెట్టి బీరువాలో దాచాను, 4 జీబీ స్టిక్ ఇంకోటి వేశాను. మింట్ పెన్‌డ్రైవ్ నుంచి ఇరవై నిమిషాల్లో ఎక్కింది.

ఇప్పుడు సమస్య. నెట్ ఉంది, కానీ ఏ సైటూ తెరుచుకోవట్లేదు. ఫైర్‌ఫాక్స్ "కనెక్షన్ సురక్షితం కాదు" అంటోంది. అప్‌డేట్ మేనేజర్ ఏదో "ఇంకా చెల్లుబాటు కాదు" అని ఎర్రగా చూపిస్తోంది. సాయంత్రం బాగానే ఉంది. భోజనానికి వెళ్తూ మెయిన్ స్విచ్ ఆపేశాను, వచ్చి చూస్తే ఇలా. అన్నయ్య ఏమీ అనట్లేదు, కానీ పక్క షాపాయన వచ్చి వెనక నిలబడ్డాడు.

---

ఎస్ఎస్‌డీ_సుబ్బు | శుక్రవారం, రాత్రి 11:26

కింద కుడివైపు తేదీ ఎంత ఉందో చూడు.

---

చీరాల_చిన్నోడు | శుక్రవారం, రాత్రి 11:28

జనవరి 1, 2012.

---

ఎస్ఎస్‌డీ_సుబ్బు | శుక్రవారం, రాత్రి 11:31

బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్ ఉంటుంది, సీఆర్2032. అది అయిపోయింది. కరెంటు ఆపితే గడియారం పుట్టిన రోజుకి పోతుంది. సైట్ల సర్టిఫికెట్లన్నీ 2025వి, నీ మెషీన్ 2012లో ఉంది. దాని లెక్కలో అవి ఇంకా పుట్టనే లేదు, ఎలా నమ్ముతుంది? అప్‌డేట్ గొడవ కూడా అదే.

పొద్దున గడియారాల షాపుకి వెళ్ళి ముప్పై రూపాయలు పెట్టి సెల్ తెచ్చుకో. ప్రస్తుతానికి తేదీ చేత్తో మార్చు, పక్క షాపాయన ఇంటికి వెళ్తాడు.

---

చీరాల_చిన్నోడు | శుక్రవారం, రాత్రి 11:38

వచ్చింది! అన్నీ తెరుచుకుంటున్నాయి. పక్క షాపాయన "మాది కూడా చూస్తావా" అంటున్నాడు.

---

చీరాల_చిన్నోడు | శనివారం, సాయంత్రం 6:45

సెల్ మార్చాను. వర్చువల్ మెషీన్ వైరన్న చెప్పినట్టే చేశాను, విండోస్ 7 లోపల పేజ్‌మేకర్ లేచింది. పాత కార్డు తెరిస్తే అన్నయ్య మొహంలో రక్తం తిరిగొచ్చింది.

ప్రింటర్ మాత్రం లినక్స్ నుంచి కదలట్లేదు. మోడల్ పేరు చెప్పను, ప్రతి జిరాక్స్ షాపులో ఉండే తెల్లటి బుడ్డ లేజర్. ప్రింట్ పంపితే క్యూలో "పూర్తయింది" అంటుంది, కాగితం రాదు.

---

పెంగ్విన్_పెద్దాయన | శనివారం, సాయంత్రం 7:30

నాకు నచ్చిన విషయానికి వచ్చావు.

చవక లేజర్లలో చాలా వాటికి సొంత బుర్ర ఉండదు. పోస్ట్‌స్క్రిప్ట్, పీసీఎల్ లాంటి అందరి భాషలూ వాటికి రావు. పేజీని చుక్కలుగా మార్చే పని కంప్యూటరే చేసి, కంపెనీ సొంత భాషలో పంపాలి. ఆ భాష తెలిసిన డ్రైవర్ లేకపోతే ప్రింటర్ మూగదే. లినక్స్‌లో ప్రింటింగ్ చూసే కప్స్ తన పని తను చేసి "పంపేశాను" అంటుంది, అవతల అర్థం చేసుకునేవాడు ఉండడు. కంపెనీ సైట్లో లినక్స్ డ్రైవర్ ఉందేమో వెతుకు. కొన్నిటికి ఉంటాయి.

అసలు మన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం పుట్టిందే ఇలాంటి చోట. 1980 ప్రాంతంలో ఎంఐటీ ఏఐ ల్యాబుకి జిరాక్స్ కంపెనీ ఒక లేజర్ ప్రింటర్ ఇచ్చింది. కాగితం ఇరుక్కుంటే కూర్చున్న చోటికి కబురు వచ్చేలా రిచర్డ్ స్టాల్‌మన్ పాత ప్రింటర్ ప్రోగ్రాంని మార్చుకుని ఉన్నాడు. కొత్తదానికీ అదే చేద్దామంటే సోర్స్ కోడ్ లేదు. కోడ్ ఉన్న ఒకాయన్ని కార్నెగీ మెలన్‌కి వెళ్ళి అడిగితే, ఇవ్వనని సంతకం పెట్టానన్నాడు. ఆ కోపం స్టాల్‌మన్ మనసులో ఉండిపోయింది. 1983 సెప్టెంబర్ 27న గ్నూ అనే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్ చేస్తానన్న ఆయన ప్రకటన వచ్చింది. మన ఊళ్ళల్లో ఫొటోకాపీ షాపులన్నిటికీ జిరాక్స్ అనే పేరు ఉండటం చూసినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది.

---

వరంగల్_వైరు | శనివారం, రాత్రి 8:02

కథ బాగుంది. ప్రింట్ సంగతి నేను చెప్త. ఆ ప్రింటర్ యూఎస్‌బీని వర్చువల్ మెషీన్‌కే ఇచ్చేయి. విండోస్ 7కి డ్రైవర్ ఉంటది. లినక్స్‌లో చేసిన పీడీఎఫ్‌ను ఉమ్మడి ఫోల్డర్‌లో వెయ్యి, లోపల తెరిచి ప్రింట్ కొట్టు. మూసిన డబ్బాలోంచే కాగితం వస్తది.

---

పెంగ్విన్_పెద్దాయన | శనివారం, రాత్రి 8:10

ఇది చూసి బాధపడాలో మెచ్చుకోవాలో తెలియట్లేదు.

---

డల్లాస్_దిబ్బరొట్టె | శనివారం, రాత్రి 8:40

ఫాంట్ల గురించి ఎవరూ చెప్పలేదు. రాస్ప్‌బెర్రీ పై గురించి పోయిన పరువు ఇక్కడ తెచ్చుకుంటాను. గూగుల్ ఫాంట్స్‌లో తెలుగువి చాలా ఉన్నాయి. సిలికానాంధ్ర (అమెరికాలోని తెలుగు సంస్థ) వాళ్ళు స్వేచ్ఛా లైసెన్సుతో ఇచ్చినవి, వాటిలో చాలావాటిని గీసింది పురుషోత్ కుమార్ గుత్తుల. మెనూ తెరిస్తే పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర, తెనాలి రామకృష్ణ, సూరన్న, రామరాజ. అంటే అష్టదిగ్గజాలు ఎనిమిది మందీ హాజరు. శ్రీకృష్ణదేవరాయ కూడా ఉన్నాడు, సభకి లోటు లేదు. మామూలు మ్యాటర్‌కి మండలి, హెడ్డింగులకి రామభద్ర బాగుంటాయి.

పోతన, వేమన కావాలంటే డెబియన్ (మింట్ వెనక ఉన్న లినక్స్) ప్యాకేజీల్లోనే దొరుకుతాయి. దేశికాచార్యులు గారివి.

---

ముద్రారాక్షసం | శనివారం, రాత్రి 9:15

మంచి మాట. ఇంకొకటి, ఫ్లెక్స్ వాళ్ళకి పంపేటప్పుడు వాళ్ళ దగ్గర ఈ ఫాంట్లు ఉండవు. ఇంక్‌స్కేప్‌లో అంతా ఎంచుకుని ఆబ్జెక్ట్ టు పాత్ కొట్టండి. వాళ్ళ భాషలో "కర్వ్స్ చేసి పంపడం" అదే. ఇక అక్షరాలు ఎక్కడికెళ్ళినా చెదరవు. కర్వ్స్ చేయని కాపీ ఒకటి మీ దగ్గర తప్పకుండా దాచుకోండి. అవి గీతలైపోయాక పేరులో పొల్లు మర్చిపోయినా దిద్దలేరు.

ఇంగ్లీషు మాటలు తెలుగులో కొట్టేటప్పుడు కూడా జాగ్రత్త. "సాఫ్ట్‌వేర్" అని రాయాలంటే ట్ తర్వాత కలవకుండా ఆపే కనపడని గుర్తు పెట్టాలి, లేకపోతే వ ఒత్తుగా కిందకి దిగి "సాఫ్ట్వేర్" అవుతుంది. పెళ్ళి కార్డుల్లో పెళ్ళికొడుకు ఉద్యోగం దగ్గర ఈ మాట రాకుండా ఉండదు కదా.

---

చీరాల_చిన్నోడు | మంగళవారం, రాత్రి 10:50

బెంగళూరు తిరిగి వచ్చేశాను. షాపు కథ చెప్తాను.

ఆదివారం వదినని కూర్చోబెట్టాను. మొదటి పది నిమిషాలు నా వైపు చూడలేదు. తేడా వచ్చినవి ఐదు మీటలు. అక్క చెప్పినట్టు ఆ ఫైల్ తెరిచి మార్చేశాను. తర్వాత "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" ఒక్క ఊపులో కొట్టి, "ఘ్న బాగానే పడిందే" అంది. అంతకు మించి మెప్పు మా ఇంట్లో ఎవరికీ దొరకదు.

సోమవారం మొదటి బేరం, వేటపాలెం వాళ్ళ పెళ్ళి కార్డు. పాత మూసని కన్వర్టర్‌లో వేస్తే "చి.ల.సౌ." దగ్గర చుక్కల బదులు ఏవో కొమ్ములు మొలిచాయి, "శ్రీ" మూడు చోట్ల "శీ్ర" అయింది. లిబ్రెఆఫీస్‌లో కంట్రోల్ హెచ్ కొట్టి అన్నీ ఒకేసారి మార్చాం. స్క్రైబస్‌లో అన్నయ్య మొదట బాగా విసుక్కున్నాడు. పేజ్‌మేకర్‌లో నేరుగా పేజీ మీద కొట్టేవాడు, ఇక్కడ ముందు ఫ్రేమ్ గీయాలి. మూడు గంటలు పట్టింది. అదే పాత పద్ధతిలో అయితే నలభై నిమిషాల పని. రెండోది గంటన్నరలో అయింది.

పాత ఫైళ్ళు 3,400 పైన ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు, డబ్బాలోనే ఉన్నాయి. బీరువాలో పాత డిస్క్ కూడా ఉంది. పక్క షాపాయనకి కూడా సెల్ మార్చి వచ్చాను, ఆయనదీ అదే జబ్బు.

వదిన ఇప్పుడే ఫోన్ చేసింది. పెళ్ళికూతురి పేరు పెద్దన ఫాంట్‌లో పెట్టిందట, పల్చగా ఉంది, బోల్డ్ ఎక్కడుందని అడుగుతోంది. మెనూలో రెగ్యులర్ ఒక్కటే కనిపిస్తోందట. పొద్దున పదికల్లా కార్డు ప్రెస్‌కి వెళ్ళాలి.

---

ముద్రారాక్షసం | మంగళవారం, రాత్రి 11:04

పెద్దనకి బోల్డ్ లేదు. స్క్రైబస్ వర్డ్‌లాగా దొంగ బోల్డ్ చేయదు, ఫాంట్‌లో ఉన్నదే చూపిస్తుంది. ఆ పేరు ఎంచుకుని అక్షరాలకి అవుట్‌లైన్ పెట్టమనండి, లోపలి రంగే గీతకీ ఇవ్వాలి, మందం చాలా తక్కువ. ఎక్కువైతే సున్నాలు పూడుకుపోతాయి. లేదంటే ఆ ఒక్క పేరు రామభద్రలో పెట్టేయమనండి, పది గంటలకి అదే నయం.

---

చీరాల_చిన్నోడు | మంగళవారం, రాత్రి 11:19

రామభద్ర పెట్టేసింది. పడుకుంది.